‘తొలగించాం’ అంటే ఎంత?

భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారం విషవ్యర్థాలను తొలగించి, కాల్చడం పూర్తయిందని 2025 జూలైలో మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసే నాకు ‘తొలగించారు’ అన్న మాట దగ్గర కలం ఆగింది. ఎంత తొలగించారు? ఎక్కడికి?

కర్మాగారం నుంచి కదిలింది 337 టన్నులు. 2025 జనవరి 1 రాత్రి 12 కంటెయినర్లలో బయలుదేరి, సుమారు 250 కిలోమీటర్ల దూరాన ఉన్న పీతంపూర్ చేరింది. జూన్ నెలాఖరుకు కాల్చడం ముగిసింది. అందులో 162 టన్నులు మట్టే. మిగతాది సెవిన్, నాఫ్తాల్ అవశేషాలు, సగం తయారైన పురుగుమందు, రియాక్టర్లలో మిగిలిన మడ్డి. ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉన్న సరుకును ఇన్నాళ్ళకు కదిలించడం మంచి పనే, కాదనను.

అయితే నాగపూర్‌లోని ‘నీరి’, మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆ ఆవరణను పరిశీలించాయి. 2010 నాటి నివేదిక ప్రకారం శుద్ధి చేయవలసిన మట్టి దాదాపు 11 లక్షల టన్నులు. కాగితం తీసుకుని 162ను దానితో భాగించండి. పదివేలలో ఒకటిన్నర వంతు! ప్రయోగాత్మక దహనంలో పీతంపూర్ కొలిమి గంటకు గరిష్ఠంగా 270 కిలోలు తీసుకుంది. అదే వేగంతో రాత్రింబవళ్ళు కాల్చినా ఆ మట్టికి 465 ఏళ్ళు పడుతుంది. అంత మట్టినీ కాల్చమని ఎవరూ అనరు, నిజమే. కానీ ‘పూర్తి’ అని రాసిన చోట ఈ అంకె కూడా ఉండవద్దా?

రెండో అభ్యంతరం రసాయన శాస్త్రానిది. ద్రవ్యనిత్యత్వ నియమం మీరు బడిలో చదివిందే. కొలిమిలో సేంద్రియ అణువులు విచ్ఛిన్నమవుతాయి. వాటిలోని క్లోరిన్, గంధకం ఆమ్లవాయువులుగా మారతాయి. ఆ వాయువులను పట్టడానికి సున్నం కలపాలి. పాదరసం లాంటి లోహం కాలి మాయమవదు. ఆవిరై పొగతో పోతుంది, లేదా వడపోతల్లో చిక్కుతుంది. అందుకే 337 టన్నులు లోపలికి వెళితే, 850 టన్నులకు పైగా బూడిద, ఇతర అవశేషాలు బయటికి వచ్చాయి. వాటిని ఎక్కడ పూడ్చాలన్న తగవు హైకోర్టుకెక్కింది. పీతంపూర్ ప్రజలు లారీలు వచ్చిన వారంలోనే నిరసనకు దిగారు.

2000 సంవత్సరం దాకా భోపాల్ రాయ్‌పూర్‌కూ రాజధానే. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల దగ్గర పెరుగుతున్న మన తెలుగు పిల్లలకు ఇది పరాయి ఊరి సంగతి కాదు.

కర్మాగారం చుట్టూ ఉన్న బస్తీల బోర్లు కలుషితమైనందువల్ల, వాటికి మంచినీరు సరఫరా చేయాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. కాల్చిన 337 టన్నులు ఏళ్ళ తరబడి షెడ్డు కప్పు కిందే ఉన్నాయి. ఏటా వానకు తడిసి, నేలలోకి విషాన్ని దించేది బయట మిగిలిన మట్టి. దాన్ని ఇంకా ఎవరూ ఎత్తలేదు.