ఉప్పు మీద సూటిగా

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి. చిక్కడపల్లి, నారాయణగూడ జనం, అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఓపికుంటే నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే. అడుగడుగునా మలుపులు, ఎవరు ఎవర్ని దాటారన్నదే ఆట. వేగంలో ఇంకో సంప్రదాయం ఉంది. అందులో మలుపూ లేదు, పక్కన ఇంకో బండీ లేదు.

అమెరికాలో యూటా రాష్ట్రంలోని బాన్నెవిల్ ఉప్పు మైదానం దానికి పేరుపడ్డ చోటు. చలికాలంలో అక్కడ నీళ్లు నిలుస్తాయి. ఎండలకి ఇగిరిపోయాక గచ్చులాంటి తెల్లటి పొర మిగులుతుంది. 1935 సెప్టెంబరు 3న మాల్కం క్యాంప్‌బెల్ గంటకు 300 మైళ్లు, అంటే సుమారు 483 కిలోమీటర్ల వేగం దాటింది అక్కడే.

వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది, దాన్ని చీల్చుకుపోవడానికి ఇంజన్‌కి ఎనిమిదింతల శక్తి కావాలి. అందుకే ఇంజన్ పెంచేకంటే బండి ఒళ్లు తగ్గించడం మేలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బిల్ బర్క్ అనే ఆయన యుద్ధ విమానాల కింద తగిలించే పెట్రోలు ట్యాంకును తెచ్చి, దాన్నే రేసు బండిగా మలిచాడు.

రేసు బండంటే తేలిగ్గా ఉండాలనుకుంటాం కదా, ఇక్కడ పనిగట్టుకుని సీసం దిమ్మెలు ఎక్కిస్తారు. ఉప్పు మీద టైరుకి పట్టు తక్కువ. బరువు లేకపోతే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో గ్రీన్ సిగ్నల్ పడగానే తొక్కినట్టు యాక్సిలరేటర్ తొక్కితే పని చెడుతుంది. చాలా బండ్లను మొదట వెనకనుంచి ఇంకో బండి నెట్టుకుంటూ వెళ్తుంది, ఆపైన డ్రైవరు కొంచెం కొంచెంగా వేగం పెంచుకుంటాడు. బండి అడ్డం తిరగకుండా తోకకి నిలువు రెక్క, ఆపడానికి పారాచూట్. టైర్ల మీద రబ్బరు పల్చగా ఉండాలి, మందంగా ఉంటే ఆ వేగానికి ఊడి ఎగిరిపోతుంది.

కార్లకి ప్రపంచ రికార్డు కావాలంటే గంటలోపు ఎదురుదిశలోనూ పరిగెత్తాలి. రెండింటి సగటే లెక్క. వెనకగాలి పుణ్యాన వచ్చిన వేగం అలా తేలిపోతుంది.

1970లో గ్యారీ గాబెలిచ్ రాకెట్ బండిలో గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగం దాటాడు. గొప్పే, కానీ నాకంతగా రుచించదు. ఇంజను చక్రాన్ని తిప్పాలి, అప్పుడే అది బండి. ఈ విద్య విలువ తెలియాలంటే న్యూజిలాండ్ వాడు బర్ట్ మన్రోని చూడాలి. 1920 నాటి ఇండియన్ స్కౌట్ మోటారు సైకిల్‌కి పిస్టన్లు తనే పోతపోసుకున్నాడు, కనెక్టింగ్ రాడ్లు ట్రాక్టరు ఇరుసులోంచి చెక్కుకున్నాడు. బాన్నెవిల్‌లో ఇంజన్ సైజును బట్టి, బండి రకాన్ని బట్టి తరగతులుంటాయి కాబట్టి షెడ్డులో పనిచేసే మనిషికీ ఒక రికార్డు దక్కే వీలుంది. 1967లో, 68 ఏళ్ల వయసులో, వెయ్యి సీసీలోపు తరగతిలో మన్రో దాన్ని దక్కించుకున్నాడు. ఆ సగటు కట్టడంలో పొరపాటు జరిగిందని చాలా ఏళ్లకు ఆయన కొడుకు గమనించాడు. 2014లో లెక్క సరిచేశారు. మన్రో పోయి అప్పటికి 36 ఏళ్లు. గంటకు 296 కిలోమీటర్లని తేలింది. పాత అంకెకీ దీనికీ తేడా ఒక్క కిలోమీటరు కూడా లేదు.