సుత్తి: ముఖం, కన్నం, పిడి

చేతి విసురులో కూడిన శక్తిని చిన్న చోట ఒక్కసారిగా దించడమే సుత్తి పని. మేకు చెక్కలోకి రెండు మూడు మిల్లీమీటర్లు దిగేలోపే సుత్తి తల ఆగిపోతుంది. అంత కొద్ది దూరంలో ఆగడం వల్లే, మనిషి చేత్తో ఎంత నొక్కినా పుట్టని బలం అక్కడ పుడుతుంది. తల బరువు రెట్టింపయితే దెబ్బలోని శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే నాలుగు రెట్లవుతుంది. కాబట్టి బరువైనదల్లా మంచి సుత్తి కాదు. అరకిలో తలను చురుగ్గా విసిరే చెయ్యి కిలో తలను అదే వేగంతో విసరలేదు, పైగా కాసేపటికే మణికట్టు మొరాయిస్తుంది.

కెన్యాలోని లొమెక్విలో బయటపడిన సుమారు 33 లక్షల ఏళ్ల నాటి పనిముట్లలో కొట్టడానికి వాడిన రాళ్లు, కింద దిమ్మెగా పెట్టుకున్న రాళ్లు ఉన్నాయి. అంటే వయసులో మనిషి ప్రజాతి కంటే సుత్తే పెద్దది. పిడి మాత్రం చాలా కాలానికి గానీ రాలేదు. అది వచ్చాక చెయ్యి పొడుగైంది, తల తిరిగే దూరం పెరిగి వేగం హెచ్చింది, దెబ్బ అదురు అరచేతిని అంతగా తాకకుండా పోయింది.

పనులు చీలినకొద్దీ సుత్తులూ చీలాయి. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో కార్ల్ మార్క్స్, బర్మింగ్‌హామ్ ఒక్క ఊళ్లోనే 500 రకాల సుత్తులు తయారవుతున్నాయని రాశాడు. ఆయన ఆ లెక్క ఎత్తింది పనిముట్ల మీద మక్కువతో కాదు, శ్రమ విభజన పనిముట్టును ఒక్కో కదలికకు ఎలా కుదిస్తుందో చూపడానికి. అయినా పాత సుత్తుల మీద ఆకర్షణకు అసలు కారణం ఆ లెక్కలోనే ఉంది. ఏ వృత్తిలో వాడినదో, ఏ దెబ్బకు పనికొచ్చేదో చాలావరకు తల ఆకారమే చెప్పేస్తుంది.

కమ్మరి కొలిమి దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. అక్కడ దెబ్బలు రెండు రకాలు. పటకారుతో ఎర్రటి ఇనుమును దాగలి మీద పట్టుకున్న పెద్ద కమ్మరి చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. ఎదురుగా నిలబడిన వాడి చేతిలో సమ్మెట. చిన్న సుత్తి ఎక్కడ తగిలితే సమ్మెట అక్కడ పడాలి. మాటల్లేకుండానే చోటు, జోరు, ఆపాల్సిన క్షణం అన్నీ ఆ చిన్న సుత్తే చెబుతుంది. చాలా కమ్మరి సుత్తులకు ఒక కొస చదునుగా, అవతలి కొస మొద్దుబారిన అంచులా ఉంటుంది. చదును ముఖంతో కొడితే ఇనుము అన్ని వైపులా పరుచుకుంటుంది. అంచుతో కొడితే ఆ అంచుకు అడ్డంగా రెండు వైపులకే సాగుతుంది. అరిగిన నాగటి కర్రును మళ్లీ మొనదేర్చేటప్పుడు మొదట అంచుతో సాగదీసి, తర్వాత చదును ముఖంతో సరిచేయడం ఇందుకే. ఫిట్టర్లు వాడే గుండు కొస సుత్తి మరో దారి: గుండ్రటి కొస రివెట్ తలను అన్ని వైపులా సమంగా మడుస్తుంది.

వడ్రంగి ఉలికి ఇనుప సుత్తి పనికిరాదు, ఉలి పిడి చిట్లిపోతుంది. అందుకే అక్కడ కొయ్యతో చేసిన కొడతి. రాతి మీద పనిచేసే శిల్పి ఉలి అంతా ఇనుమే కాబట్టి దానికి పొట్టి పిడి ఉన్న ఇనుప సుత్తి. దెబ్బ చిన్నదే అయినా ఒకదాని వెంట ఒకటి తెరిపి లేకుండా పడుతుంది. బండలు పగలగొట్టే సమ్మెటకు మాత్రం కామ సన్నగా, వంగేదిగా ఉంటుంది. చూడటానికి బలహీనంగా కనిపించే ఆ కామే రాతి నుంచి తిరిగొచ్చే అదురును మింగి భుజాన్ని కాపాడుతుంది. జపాన్ వడ్రంగి వాడే ‘గెన్నో’కు రెండు ముఖాలు, ఒకటి చదును, ఒకటి కొద్దిగా ఉబ్బు. మేకును చదును ముఖంతో దించి, చివరి దెబ్బ ఉబ్బు ముఖంతో వేస్తారు. చెక్క మీద సుత్తి అంచు ముద్ర పడదు.

సుత్తి కొట్టే పని నుంచి గీసే పనికి ఎదిగే చోటు రేకు నగిషీ. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి, రాగి రేకులతో గుడి తలుపులకు, వాహనాలకు, ధ్వజస్తంభాలకు తొడుగులు చేస్తారు. ఈ తరహా పనిలో రేకును లక్క, గుగ్గిలం వంటి దాని మీద ఆనిస్తారు. ఆ ఆసరా గట్టిగా ఉంటే రేకు చిరుగుతుంది, మరీ మెత్తగా ఉంటే బొమ్మ చెదురుతుంది. వెనక నుంచి కొట్టి ఉబ్బు తెచ్చి, ముందు వైపు తిప్పి గీతలు తీరుస్తారు. సుత్తి నేరుగా రేకును తాకేది తక్కువ. మధ్యలో రకరకాల మొనలున్న చిన్న ఉలులు ఉంటాయి. కళ్లు ఉలి మొన మీదే ఉంటాయి కాబట్టి, చూడకుండానే సుత్తి ఉలి తలకు తగలాలి. దెబ్బలు తిన్నకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. ఆ బిరుసును గమనించకుండా కొడుతూ పోతే పగులు ఖాయం. మధ్యమధ్య రేకును కాల్చి మెత్తబరచాలి. ఇంకెన్ని దెబ్బలకు కాల్చాలో లెక్క ఏదీ లేదు, సుత్తి చప్పుడులో వచ్చే మార్పును చెవి పట్టుకోవాలి. హైదరాబాద్ పాతబస్తీలో మిఠాయిల మీద వేసే వెండి వరఖ్‌ను కూడా తరతరాలుగా సుత్తితోనే కొట్టి పలచన చేశారు. ఇప్పుడు ఆ పని చాలావరకు యంత్రాల పాలైంది.

ఇన్ని పనులకూ తట్టుకోవాలంటే తల అంతా ఒకే గట్టిదనంతో ఉండకూడదు. ఉక్కు చవక కాకముందు తలను మెత్తని ఇనుముతో చేసి, ముఖానికి మాత్రం ఉక్కు ముక్కను కొలిమిలో అతికేవారు. ఇప్పుడు తల అంతా సుమారు 0.6 శాతం కార్బన్ ఉన్న ఉక్కే. ముఖాన్ని ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చితే గట్టిపడుతుంది, కానీ గాజు తీరున పెళుసవుతుంది. తర్వాత మళ్లీ తక్కువ వేడి పట్టించి ఆ పెళుసును తగ్గిస్తారు. శుభ్రం చేసిన ఉక్కు మీద లేత పసుపు మొదలుకొని నీలం దాకా వచ్చే రంగులే ఆ వేడికి కొలమానం. పిడి దూరే కన్నం చుట్టూ ఉక్కును మెత్తగానే వదిలేస్తారు. రెండు సుత్తులను ముఖాముఖి కొట్టకూడదనే నియమం కూడా ఇందుకే: గట్టి ఉక్కు గట్టి ఉక్కును తాకితే చిప్పలు లేచి కంట్లో పడతాయి.

మామూలుగా ఎవరూ పట్టించుకోనిది ఆ కన్నమే. పాతకాలపు సుత్తుల తలలు పనిలో ఊడి ఎగిరిపోయేవి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని నార్విచ్‌లో కమ్మరి డేవిడ్ మేడోల్ 1840ల్లో కన్నాన్ని కిందికి గొట్టంలా సాగదీశాడు. పిడిని పట్టే పొడవు పెరగడంతో తల కదలడం ఆగింది. పని మీద ఆ ఊరికొచ్చిన వడ్రంగి ఒకడు ఆయన దగ్గర సుత్తి చేయించుకుంటే, తోటివాళ్లంతా అలాంటిదే కావాలన్నారని చెబుతారు. మేడోల్ వ్యాపారం తర్వాత పెద్ద ఫ్యాక్టరీగా ఎదిగింది. మేకులు పీకే కొమ్ముల సుత్తుల్లో చాలావాటికి నేటికీ కన్నం తీరు అదే. 1920ల్లో ఎస్ట్‌వింగ్ అనే అమెరికన్ సంస్థ తలను, పిడిని ఒకే ఉక్కు ముక్కతో తీర్చి ఊడే బెడదే లేకుండా చేసింది. అయితే అలాంటి పిడి వంగితే మార్చడానికి ఏమీ ఉండదు. చెక్క పిడి మీద మోజు పడేవాళ్ల వాదనలో సగం న్యాయం ఇక్కడుంది.

పిడికి పొడుగు నార ఉండి, అదురును తాళే కర్ర కావాలి. అమెరికాలో హికరీ, ఇంగ్లండ్‌లో యాష్, తెలుగు నేల మీద బండి చక్రాలకు వాడే నల్లతుమ్మ. నార కొస నుంచి కొస దాకా తెగకుండా సాగాలి. పక్కకు జారిపోతే అక్కడే విరుగుతుంది. కన్నంలోకి పిడిని దిగ్గొట్టాక పైకొసలో చీల కొట్టి బిగిస్తారు. ఎండాకాలంలో కర్ర ఎండి తల వదులైతే రాత్రంతా నీళ్లలో పడేయడం ఇళ్లలో అలవాటు. మర్నాటికి బిగుస్తుంది, నిజమే. కానీ ఉబ్బిన నార కన్నంలో నలిగి, ఆరాక మునుపటి కంటే వదులవుతుంది. కొత్త చీల కొట్టడం, అవిసె నూనె పట్టించడం మేలైన మందు.

పాత సుత్తులన్నీ మంచివేమీ కావు. అప్పుడూ నాసిరకం బోలెడు చేశారు. అవి విరిగి పోయాయి, మిగిలినవే ఇప్పుడు మనకు కనిపిస్తాయి. పాత ఇనుము అంగట్లో ఏరుకునేటప్పుడు తుప్పు చూసి భయపడనక్కర్లేదు, పైతుప్పు వెనిగర్‌లో నానబెట్టి రుద్దితే వదులుతుంది. విరిగిన పిడీ లోపం కాదు. అంచులు పుట్టగొడుగులా బయటికి మడతపడి ఉంటే సానరాయి మీద నెమ్మదిగా, నీళ్లలో ముంచుతూ అరగదీయాలి. వేడెక్కి నీలం తేలితే ముఖం గట్టిదనం పోయినట్టే. కన్నం గోడలో పగులుంటే మాత్రం ఆ తలకు మళ్లీ పిడి తొడగకూడదు. ఎంత నచ్చినా అది ఎప్పుడో ఒకప్పుడు విడిపోయి ఎగురుతుంది. దాన్ని కమ్మరికి ఇస్తే ఆ ఉక్కుతోనే ఓ మంచి ఉలి సాగదీస్తాడు.