మెరుగు పెట్టే చేతులు

శుక్రవారం వస్తే మా అమ్మ దేవుడి గూట్లోని విగ్రహాలన్నీ పళ్లెంలోకి దించి చింతపండుతో తోముతుంది. ఏళ్ల తరబడి తోమగా తోమగా మా ఇత్తడి బాలకృష్ణుడి ముక్కు అరిగిపోయింది. వెన్నముద్ద ఎక్కడ మొదలవుతుందో, అరచెయ్యి ఎక్కడ అయిపోతుందో తెలియదు. మొన్న ఆయన్ని తుడిచి గూట్లో పెడుతుంటే నాకు గ్రీసులోని ఒలింపియా గుర్తొచ్చింది.

అక్కడి గుడిలో జ్యూస్ దేవుణ్ని సుమారు 12 మీటర్ల ఎత్తున సింహాసనం మీద కూర్చోబెట్టినవాడు ఫిడియాస్. క్రీ.పూ. 5వ శతాబ్దం నాటి మాట. లోపల కొయ్య చట్రం, పైన ఒళ్లంతా ఏనుగు దంతం, కట్టుబట్ట బంగారం. గుడి పక్కనే ఉన్న ఆయన పనిశాల దగ్గర 1950లలో జర్మన్లు తవ్వితే బట్ట మడతల మట్టి అచ్చులు, దంతపు ముక్కలు, అడుగున 'నేను ఫిడియాస్‌ది' అని గీసిన ఓ నల్ల మట్టి పాత్ర దొరికాయి.

చెక్కినవాడికి దండం. నా మనసు మాత్రం కాపాడినవాళ్ల చుట్టూ తిరుగుతుంది. ఒలింపియా చిత్తడి నేల, దంతానికి తేమ పడదు. అందుకని విగ్రహం ముందు నల్లరాయి పరచి, చుట్టూ పాలరాతి గట్టు కట్టి, అందులో నూనె నిలిపేవారట. క్రీ.శ. 2వ శతాబ్దంలో అక్కడికి వెళ్లిన గ్రీకు యాత్రికుడు పౌసానియాస్ ఈ సంగతి రాశాడు. ఏథెన్స్ కొండ మీద పొడి గాలి. అక్కడి ఎథీనా దేవత కూడా ఫిడియాస్ చేతిపనే, ఆ ఒళ్లూ దంతమే, కానీ ఆమెకు నీళ్లు మేలు చేసేవి. పొద్దస్తమానం విగ్రహం దగ్గర మసలినవాళ్లే ఈ తేడా పసిగట్టి ఉంటారని నా నమ్మకం.

జ్యూస్ మీద పేరుకున్న మురికి తుడిచే హక్కు ఫిడియాస్ వంశానిది. ఆయన పోయిన దాదాపు 600 ఏళ్లకు, పౌసానియాస్ చూసేనాటికీ, అది వాళ్ల చేతుల్లోనే ఉంది. 'మెరుగు పెట్టేవాళ్లు' అని వాళ్లకు పేరు. పనికి దిగేముందు చేతిపనుల దేవత ఎథీనా ఎర్గనేకు బలి ఇచ్చేవారు. మధ్యలో ఒకసారి దంతం పగుళ్లిస్తే మెస్సీనీ శిల్పి డామోఫోన్ వాటిని నేర్పుగా అతికాడు. అందుకు ఒలింపియా గుడిని చూసుకునే ఎలీస్ ప్రజలు ఆయన్ని సత్కరించారు.

ఈ కథంతా చెప్పి, కృష్ణుడి ముక్కు సంగతి అమ్మ దగ్గర కదిపాను.

"ముఖానికి చింతపండు ఎప్పుడో మానేశాన్రా" అంది. "వేలి కొసతో కాస్త విభూది రాస్తానంతే."