స్వప్నం, ప్రార్థన: పోర్షియా జ్వావహేరా చిత్రకళ

1985లో జన్మించిన జింబాబ్వే చిత్రకారిణి పోర్షియా జ్వావహేరా చిత్రాలకు మూలం ఆమె కలలు. అవి 2022 వెనిస్ బియెన్నాలే ప్రధాన ప్రదర్శనలో చోటు పొందాయి. ఆ ప్రదర్శన శీర్షిక అధివాస్తవిక చిత్రకారిణి లియొనోరా కారింగ్టన్ పుస్తకం నుంచి గ్రహించినది. ఈ సామీప్యాన్ని బట్టి జ్వావహేరాను అధివాస్తవికతకు వారసురాలిగా అన్వయించడం సమంజసం కాదు. అధివాస్తవికులకు కల అచేతన మనస్సు వ్యక్తీకరణ. ఉదయాన్నే కలలు చెప్పుకొని వాటి అర్థాన్ని విచారించే కుటుంబంలో పెరిగిన జ్వావహేరాకు అది వెలుపలి నుంచి అందే హెచ్చరిక, ప్రార్థనతో ఎదుర్కోవలసినది. ఆమె రచనావిధానమూ ఇందుకు అనుగుణమే. మైనం అడ్డుకున్నచోట రంగు అంటదు. అచ్చు పదేపదే పడినచోట ఆకృతి ప్రార్థనావాక్యంలా ఆవృత్తమవుతుంది. వ్యక్తిగత స్మృతి ఆ ఆవృత్తిలోనే ఆధ్యాత్మిక రక్షణగా పరిణమిస్తుంది. కనుక ఆ చిత్రాలను కలకు ప్రతిబింబాలుగా కాక, కలకు ఇచ్చిన సమాధానాలుగా పరిశీలించాలి.