సమాచార వ్యవస్థల పరిశోధన: అంశం ఎంపిక, సిద్ధాంత నిర్మాణం – ‘కన్యాశుల్కం’ పీఠికలోని జాబితా ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

సమాచార వ్యవస్థల పరిశోధనలో సిద్ధాంతాన్ని ముందుగా ఎంచుకుని, దానికి తగిన ప్రాంతాన్ని తరువాత వెతుక్కునే పద్ధతి బలపడింది. ఈ పద్ధతిలో ప్రాంతం నమూనా సేకరించే చోటుగా మాత్రమే మిగులుతుంది. విజయనగరంలో తయారైన కన్యాశుల్క వివాహాల జాబితా, గురజాడ నాటకం, గిడుగు సవర భాషాకృషి ఆధారంగా, నమోదులో కనిపించని విషయమే పరిశోధనాంశం ఎలా అవుతుందో, దాని నుంచి పరీక్షకు నిలిచే సిద్ధాంతం ఎలా రూపొందుతుందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: సమాచార వ్యవస్థలు, సిద్ధాంత నిర్మాణం, కన్యాశుల్కం, గురజాడ, గిడుగు, ఈ-క్రాప్, కౌలు రైతులు.

ఉపోద్ఘాతం

సమాచార వ్యవస్థలు అనగానే కంప్యూటరు గుర్తుకు రావడం సహజం. అయితే ఈ శాస్త్రం యంత్రంతో ఆగిపోదు. సమాచారాన్ని ఎవరు ఇస్తారు, ఎవరు రాసుకుంటారు, ఏ గడిలో రాసుకుంటారు, దాన్ని బట్టి ఎవరి విషయంలో ఏ నిర్ణయం జరుగుతుంది అనే ప్రశ్నలన్నీ దాని పరిధిలోవే. ఈ అర్థంలో కరణం చేతిలోని అడంగల్ ఒక సమాచార వ్యవస్థ. నేటి ఈ-క్రాప్ నమోదు కూడా అటువంటిదే.

ఈ రంగంలో పరిశోధన వ్యాసం రాయబోయే విద్యార్థికి సాధారణంగా అందే సలహా ఒకటుంది: ముందు ఒక సిద్ధాంతాన్ని ఎంచుకోవాలి. ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించిన టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ ఇందుకు అందరికీ అందుబాటులో ఉన్న సాధనం. ఒక సాంకేతికత తనకు ఉపయోగపడుతుందన్న భావన, దాన్ని వాడటం సులువన్న భావన వినియోగదారుని ఆమోదాన్ని నిర్ణయిస్తాయని దాని సారాంశం. ఆపైన ‘శ్రీకాకుళం జిల్లా రైతులలో మొబైల్ చెల్లింపుల స్వీకృతి’ వంటి శీర్షిక, ఒక ప్రశ్నావళి, కొన్ని వందల జవాబులు, గణాంక విశ్లేషణ వరుసగా వచ్చి చేరతాయి. తెలుగు శాఖలకు ఈ మూస కొత్తదేమీ కాదు. ‘ఫలానా రచయిత కథలు – సమగ్ర పరిశీలన’ అనే శీర్షికకు ఇది దగ్గరి చుట్టమే.

ఇటువంటి శీర్షికను పరీక్షించడానికి సులువైన మార్గం ఉంది. శ్రీకాకుళం అన్నచోట కర్నూలు అని మార్చి చూడాలి. అంకెలు తప్ప వ్యాసంలో మరే వాక్యమూ మారనవసరం లేకపోతే, శ్రీకాకుళం ఆ పరిశోధనకు ఏమీ ఇవ్వలేదన్నమాట.

సిద్ధాంతం అనిపించుకునేది ఏది?

డేవిడ్ వెటెన్ 1989లో రాసిన వ్యాసంలో సిద్ధాంతానికి ఏమిటి, ఎలా, ఎందుకు అనే అంశాలు అవసరమన్నారు. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అనేవి ఆ సిద్ధాంతం వర్తించే హద్దులను చెబుతాయి. సటన్, స్టా 1995లో ఇంకొంత కటువుగా మాట్లాడారు. పూర్వ గ్రంథాల ప్రస్తావనలు, దత్తాంశాలు, చరాంశాల జాబితాలు, రేఖాచిత్రాలు, పరికల్పనలు తమంతట తాము సిద్ధాంతం కావని వారి వాదం. షర్లీ గ్రెగర్ 2006లో ఈ రంగంలోని సిద్ధాంతాలను విశ్లేషణ, వివరణ, అంచనా, వివరణతో కూడిన అంచనా, రూపకల్పన అని ఐదు రకాలుగా వింగడించారు. 2014లో ఏవిసన్, మలోరాన్ ఈ రంగానికి సిద్ధాంత వ్యామోహం పట్టుకుందని విమర్శించారు.

ఈ చర్చలో వెటెన్ అడిగిన ‘ఎందుకు’ అన్నదే కీలకం. మన పరిశోధన వ్యాసాలలో చాలావరకు ఆ ప్రశ్నకు జవాబు స్థానంలో ఒక పాశ్చాత్య పండితుని పేరు, సంవత్సరం ఉంటాయి. పేరు చెప్పినంత మాత్రాన కారణం చెప్పినట్లు కాదు.

విజయనగరం జాబితా

1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి ప్రతికి గురజాడ అప్పారావు ఇంగ్లీషులో పీఠిక రాశారు. సాహిత్య విమర్శకులు దాన్ని సంఘసంస్కరణ, భాషావాదాల కోసం పలుమార్లు చదివారు. సమాచార వ్యవస్థల విద్యార్థి చదవవలసిన భాగం అందులో మరొకటి ఉంది. విజయనగర మహారాజు ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లా మైదాన ప్రాంతంలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితాను తయారు చేయించారు. అందులో 1,034 వివాహాలు తేలాయి. ఐదేళ్ల వయసులో పెళ్లయిన బాలికలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది వయసువారు ముగ్గురు. అంటే నమోదైన వివాహాలలో దాదాపు 18 శాతం ఐదేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పసిపిల్లలవి.

ఈ అంకెలు చదివినవారిని కలచివేస్తాయి. అయితే పరిశోధకుణ్ణి ఆపవలసిన వాక్యం వాటి పక్కనే ఉంది. ఈ జాబితా సంపూర్ణం కాదని, శుల్కం పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి తల్లిదండ్రులు సహజంగానే వెనకాడతారని గురజాడ స్వయంగా చెప్పారు. తన వాదానికి బలమిచ్చే అంకెను చేతిలో పెట్టుకుని, దాని లోపాన్ని తానే చూపడం ఆనాటికే కాదు, ఈనాటికీ అరుదైన నిజాయితీ. గర్భస్థ శిశువులకు కూడా బేరాలు జరుగుతాయని అదే పీఠికలో ఉంది. జాబితాలోని అతి తక్కువ వయసు ఏడాది. జాబితా లెక్కించింది వివాహాలను, బేరాలను కాదు. కనుక తల్లి కడుపులో ఉండగానే కుదిరిన బేరానికి అందులో గడి లేదు. జిల్లా సరిహద్దు కూడా ఒక హద్దే. నాటి చికాకోలు, అంటే నేటి శ్రీకాకుళం, అప్పట్లో గంజాం జిల్లాలోది. ఈ లెక్క ఆ పట్టణానికి వర్తించదు.

ఇక్కడ ‘తల్లిదండ్రులు వెనకాడతారు’ అన్న చిన్న పరిశీలన ఒక సిద్ధాంతానికి బీజం. జాబితాలో తప్పిపోయినవి యాదృచ్ఛికంగా తప్పిపోలేదు. సమాచారం ఇవ్వవలసినవాడే ఆ సమాచారం వల్ల నష్టపోయేవాడు. సంస్కరణోద్యమం బలపడేకొద్దీ శుల్కం పుచ్చుకోవడం మరింత సిగ్గుపడవలసిన విషయం అవుతుంది. అప్పుడు దురాచారం ఏమాత్రం తగ్గకపోయినా లెక్క తగ్గవచ్చు. పదేళ్ల తరువాత అటువంటి మరో జాబితా తీసి, సంఖ్య పడిపోయిందని ఎవరైనా సంతోషిస్తే ఆ సంతోషానికి ఆధారం ఉండదు. ఇందులో ‘ఎందుకు’ ఉంది, హద్దులున్నాయి, తప్పని తేలే అవకాశమూ ఉంది. దీనికి బయటినుంచి అరువు తెచ్చుకున్న పేరేదీ అవసరం కాలేదు.

జాబితాలో ఇమడని పెళ్లి

పీఠిక చెప్పని మరో సంగతిని నాటకం చెబుతుంది. 1909 నాటి ప్రతిలో కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, గుంటూరు శాస్త్రుల కూతురని నమ్మించి లుబ్ధావధాన్లుకు కట్టబెడతాడు. శుల్కం చేతులు మారుతుంది. మహారాజు మనుషులు ఆ ఊరికి వచ్చి ఉంటే ఈ వివాహం జాబితాలో ఇంకొక వరుసగా చేరేది. వరుడున్నాడు, శుల్కముంది, సాక్షులున్నారు. లేనిది వధువు మాత్రమే. తరువాత ఆ లేని పిల్లను చంపాడన్న ఆరోపణ లుబ్ధావధాన్లు మెడకు చుట్టుకుంటుంది.

హాస్యం కోసం కల్పించిన ఈ ఘట్టాన్ని విమర్శకులు కథాసంవిధానంలో భాగంగానే చూశారు. సమాచార దృష్టితో చూస్తే ఇది చాలా గంభీరమైనది. ఖాళీగా ఉన్న గడిని తనిఖీలో పట్టుకోవచ్చు. అన్ని గడులూ నిండి, మనిషి మాత్రం తప్పుగా ఉన్న వరుసను ఏ తనిఖీ పట్టుకుంటుంది? అసంపూర్ణ దత్తాంశం గురించి పరిశోధన వ్యాసాలు విరివిగా చర్చిస్తాయి. సంపూర్ణంగా కనిపించే అబద్ధం గురించి వాటిలో చర్చ తక్కువ.

రాయలేనిది, రాయనివ్వనిది

నమోదులో లేకపోవడానికి ప్రతిసారీ దాచేవాడే కారణం అనుకోవడం కూడా పొరపాటు. ఇందుకు గిడుగు వెంకట రామమూర్తి అనుభవం సాక్ష్యం. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని దశాబ్దాలపాటు పరిశీలించారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. సవరలో గొంతులో శ్వాసను ఆపి పలికే ధ్వని ఉంది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. ఇక్కడ చెప్పేవాడు దాచడం లేదు. రాసేవాడి దగ్గర గుర్తు లేదు. గిడుగు ధ్వనిశాస్త్రాన్ని ఆశ్రయించవలసి వచ్చింది అందుకే. ఆయన వ్యాకరణ గ్రంథం పేరులోనే ‘సవర’ మాటను దీర్ఘాల గుర్తులతో రాయడం గమనార్హం. గ్రెగర్ వర్గీకరణలో దీన్ని రూపకల్పన సిద్ధాంతం పక్కన చేర్చవచ్చు. గుర్తును కల్పిస్తే లోటు తీరుతుంది.

శుల్కం పుచ్చుకున్న తండ్రి విషయంలో ఏ కొత్త గుర్తు కల్పించినా లోటు తీరదు. రెండు లోట్లకూ పైకి ఒకే ఖాళీ కనిపిస్తుంది. కారణాలు వేరు, పరిష్కారాలు వేరు.

ఈ-క్రాప్: ఒక పరిశోధనాంశం

ఈ విభజన నేటి పరిశోధనకు ఎలా పనికొస్తుందో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కౌలు సాగులో చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పంట బీమా, పరిహారం, ధాన్యం కొనుగోలు వంటివి ఈ-క్రాప్ నమోదుతో ముడిపడ్డాయి. 2018 అక్టోబరులో పలాస ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసింది. అటువంటి నష్టం జరిగినప్పుడు సాగు ఎవరిదన్న నమోదు రైతుకు అన్నం పెట్టే కాగితం అవుతుంది. 2011 నాటి చట్టం కౌలుదారుకు భూయజమాని సంతకం లేకుండానే రుణ అర్హత కార్డు పొందే వీలు కల్పించింది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని సంతకంతో కూడిన ఒప్పందాన్ని కోరింది. నోటిమాట మీద నడిచే కౌలుకు సంతకం పెట్టడానికి యజమానులు వెనకాడతారు. భూమిపై హక్కు పోతుందన్న భయం ఒకటి. ఆ భూమి మీద తామే పంట రుణం తీసుకుని ఉండటం మరొకటి.

యాక్సెప్టెన్స్ మోడల్ చేతబట్టుకుని ఈ గ్రామాలకు వెళ్లిన పరిశోధకుడు కౌలు రైతును యాప్ ఉపయోగమా, సులువా అని అడుగుతాడు. ఉపయోగమేనని, సులువేనని అతడు చెప్పవచ్చు. అయినా అతని పేరు నమోదులో ఉండదు. ఇందులో డేవిస్ తప్పేమీ లేదు. తన ఇష్టంతో సాధనాన్ని వాడేవాడి గురించి ఆయన రాశారు. ఇక్కడ వాడవలసినవాడు ఒకడు, అనుమతించవలసినవాడు మరొకడు.

గురజాడ పరిశీలనను ఇక్కడికి తెస్తే పరీక్షించదగిన ప్రతిపాదన ఒకటి ఏర్పడుతుంది: నమోదు లాభం ఒకరికి, నమోదుకు సాక్ష్యమివ్వవలసిన భారం మరొకరికి ఉన్నచోట, సాధనాన్ని ఎంత సులభతరం చేసినా సంఖ్య పెద్దగా పెరగదు. గిడుగు ఎదుర్కొన్న రకం లోటు అయితే పెరగాలి. తెలుగులో తేలికైన దరఖాస్తు, గ్రామ సచివాలయ సిబ్బంది సాయం, శిక్షణ ఇచ్చిన గ్రామాలలో కౌలుదారుల నమోదు పెరిగితే మొదటి ప్రతిపాదన వీగిపోతుంది. పెరగకపోతే అది నిలుస్తుంది. రెండు చట్టాల కాలాన్ని పోల్చడం మరో పరీక్ష. లుబ్ధావధాన్లు పెళ్లి వంటి వరుసలు కూడా ఇందులో ఉంటాయి. కౌలుదారు పండించిన పంట పట్టాదారు పేరున నమోదైనప్పుడు సర్వే నంబరు, పంట, విస్తీర్ణం అన్నీ సరిగ్గానే ఉంటాయి. రైతు మాత్రమే వేరు. నమోదు శాతం నూటికి చేరువైన గ్రామం ఈ దృష్టితో చూస్తే మరింత అనుమానించదగినది కావచ్చు.

ఈ శీర్షికలో జిల్లా పేరు మార్చితే మళ్లీ ఆలోచించవలసిన విషయాలు చాలానే ఉంటాయి. కౌలు నోటిమాటగా ఎంతవరకు సాగుతోంది, యజమాని ఊళ్లో ఉన్నాడా, విశాఖలోనో హైదరాబాదులోనో స్థిరపడ్డాడా, గిరిజన ప్రాంత భూచట్టాలు అక్కడ వర్తిస్తాయా అన్నవి ఫలితాన్ని మార్చగలవు. వెటెన్ చెప్పిన ‘ఎక్కడ’ అప్పుడే శీర్షికలోంచి వాదంలోకి వస్తుంది.

పద్ధతి విషయంలో ఒక చిక్కు మిగులుతుంది. సచివాలయ సిబ్బందితో కలిసి వెళ్లి కౌలు గురించి అడిగే పరిశోధకునికి, మహారాజు మనుషులకు దొరికిన జవాబే దొరుకుతుంది. యజమానిని నేరుగా అడిగితే వచ్చే ఏడు కౌలుదారుకు ఆ పొలం దక్కకపోవచ్చు. కాబట్టి ముందుగా ఎవరితో మాట్లాడాలి, ఎవరి పేరు ఎక్కడా రాయకూడదు, కోతల ముందు వెళ్లాలా తరువాత వెళ్లాలా అన్నవి ప్రశ్నావళి తయారీకి ముందే తేల్చుకోవలసి ఉంటుంది.