ఎవరిని కాపాడాడు?

సూపర్ హీరో సినిమా చూస్తున్నప్పుడు ఈమధ్య నా కళ్లు హీరో మీద నిలవవు. అతను కాపాడే మనుషుల మీదికే పోతాయి. దర్శకుడు వాళ్ల ముఖాలు చూపించాడా, ఒక్క మాటైనా మాట్లాడనిచ్చాడా? హీరో ఎంతటివాడో నాకు అక్కడే తెలుస్తుంది.

ఈ చూపు నాకు అలవాటు చేసింది 2004లో సామ్ రైమీ తీసిన ‘స్పైడర్ మ్యాన్ 2’లోని రైలు సన్నివేశం. అదుపు తప్పిన రైలుకు ముందు నిలబడి, అటూ ఇటూ ఉన్న భవనాల మీదికి సాలెదారాలు విసిరి లాగుతాడు స్పైడర్ మ్యాన్ అయిన పీటర్ పార్కర్. ముఖానికి ముసుగు లేదు. పట్టాలు ముగిసే చోట రైలు ఆగుతుంది, అతను స్పృహ తప్పుతాడు. చాలామంది దర్శకులు అక్కడ చప్పట్లు కొట్టించుకుని తర్వాతి ఫైటుకు వెళ్లిపోతారు. రైమీ వెళ్లడు. కిందికి ఒరిగిపోతున్న కుర్రాణ్ని ప్రయాణికులే పట్టుకుంటారు. తలల మీదుగా చేతులు మార్చుకుంటూ లోపలికి మోసుకెళ్లి నేలమీద పడుకోబెడతారు. మా అబ్బాయి ఈడువాడే కదా అని ఒకాయన విస్తుపోతాడు. ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చిచ్చి, ఎవరికీ చెప్పం అని మాటిస్తారు. అంతలో విలన్ డాక్టర్ ఆక్టోపస్ వస్తే, ఆ మామూలు మనుషులే కుర్రాడికి అడ్డంగా నిలబడతారు. ఆక్టోపస్ ఇనుప చేతులు వాళ్లను ఇట్టే పక్కకు నెట్టేస్తాయి. అయినా నిలబడ్డారు! ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేసేది అక్కడే.

1978 నాటి ‘సూపర్ మ్యాన్’లో క్రిస్టఫర్ రీవ్, కూలబోయే హెలికాప్టర్‌ను పట్టుకున్న రాత్రే, చెట్టెక్కి దిగలేని పిల్లిని దించి ఒక పాప చేతికిస్తాడు. కథ నడవడానికి ఆ పిల్లి అక్కర్లేదు, ఆ మనిషి ఎలాంటివాడో తెలియడానికి కావాలి. 2013లో వచ్చిన ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో అదే సూపర్ మ్యాన్ కొట్లాడుతుంటే మెట్రోపొలిస్‌లో మేడలకు మేడలు కూలిపోతాయి. వాటిలో ఉన్నవాళ్లెవరో దాదాపు తెలియదు. ఆ సినిమా హంగులు గొప్పవే కానీ, నాకు మాత్రం ఊపిరాడలేదు.

మన ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’ (2024) ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ పట్టుకుంది. అందులో విలన్ మైకేల్‌కు చిన్నప్పటి నుంచీ సూపర్ హీరో కావాలనే యావ. అందుకోసం కన్న తల్లిదండ్రులనే చంపుకుంటాడు. ఎవరినో కాపాడాలన్న తపన అతనిలో ఎక్కడా లేదు, ఉన్నదంతా హీరో అనిపించుకోవాలన్న ఆకలే. హీరో, అంజనాద్రి ఊరి హనుమంతు, చిల్లర దొంగతనాలు చేసుకునేవాడు. కానీ శక్తులిచ్చే మణి చేతికి రాకముందే, తాను ప్రేమించిన మీనాక్షి కోసం దుండగులకు ఎదురెళ్లి కత్తిపోటు తిన్నాడు. ఏ శక్తీ లేని ఆ నిమిషంలోనే అతను నాకు హీరో. తర్వాత అతను చేసిన సాహసాలకు ఈలలు వేశాను, నిజమే, కానీ నమ్మకం కుదిరింది మాత్రం ఆ కత్తిపోటు దగ్గరే.

సూపర్ హీరో కథ రాస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక విన్నపం. శక్తులేమిటో తర్వాత రాసుకోవచ్చు. లోయ అంచున వేలాడే బస్సులో ఒక ముసలావిడను కూర్చోబెట్టండి. ఆవిడకో పేరు పెట్టండి, ఏ ఊరు వెళుతోందో, ఒళ్లో ఏం పెట్టుకుందో రాయండి. హీరో రాకముందే ఆవిడ మాకు తెలియాలి.