40 కిలోమీటర్లకో స్టెతస్కోప్

ఆటల మీద వచ్చే ఆత్మకథలంటే నాకు కొంచెం భయం. చాలావాటిలో కథ ఒకటే: ఓడిపోయాను, కష్టపడ్డాను, గెలిచాను, ఇప్పుడు నేను వేరే మనిషిని. ఆఫీసులో ఏటా నింపే సెల్ఫ్ అప్రైజల్‌కీ దానికీ పెద్ద తేడా ఉండదు. ఈమధ్య వరసగా చదివిన రెండు ఇంగ్లీషు పుస్తకాలు మాత్రం ఆ దారిన పోలేదు. ఒకటి నిక్ హార్న్‌బీ ‘ఫీవర్ పిచ్’ (1992). రెండోది లారా ప్రయర్-పామర్ ‘రఫ్ మ్యాజిక్’ (2019). మొదటిదాంట్లో 11 ఏళ్ళ కుర్రాడు తొలిసారి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తాడు, మనసు అక్కడే వదిలేసి వస్తాడు. రెండోదాంట్లో 19 ఏళ్ళ అమ్మాయి మంగోలియాలో 1000 కిలోమీటర్ల గుర్రప్పందేనికి దిగుతుంది. ఒకరు ఏమీ చేయరు, కూర్చుని చూస్తారు. ఇంకొకరు ఒళ్ళు హూనమయ్యేదాకా అన్నీ చేస్తారు. విచిత్రమేంటంటే, చూసినవాడు తనే ఆడినట్టు రాశాడు. ఆడినమ్మాయి పక్కన నిలబడి తనని తానే చూస్తున్నట్టు రాసింది.

హార్న్‌బీ మొదటి మ్యాచ్ 1968 సెప్టెంబర్ 14న, లండన్‌లోని హైబరీ స్టేడియంలో. ఆర్సెనల్, స్టోక్ సిటీ. అమ్మానాన్నలు విడిపోయారు. వారాంతంలో పిల్లాణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళాలో, ఏం మాట్లాడాలో తెలియని తండ్రికి దొరికిన ఉపాయం ఫుట్‌బాల్. స్టోక్ గోల్‌కీపర్ గోర్డన్ బ్యాంక్స్, అంతకు రెండేళ్ళ ముందే ఇంగ్లండ్ తరఫున ప్రపంచకప్పు గెలిచినవాడు. టెర్రీ నీల్ పెనాల్టీని ఆయన ఆపేశాడు, బంతి వెనక్కొస్తే నీల్ మళ్ళీ కొట్టి గోల్ చేశాడు. 1–0. ఇంకొకరైతే అధ్యాయమంతా ఆ గోల్ చుట్టూ తిప్పేవారు. ఈ పిల్లాడు మాత్రం పిచ్ కంటే ఎక్కువగా చుట్టూ ఉన్న మగవాళ్ళనే చూశాడు. డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని వచ్చి, ఒక్కడూ సంతోషంగా లేడు. తిట్టుకుంటున్నారు, మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు, అయినా లేచి వెళ్ళిపోవట్లేదు. సరదా అనేది బాధపడటం రూపంలో కూడా ఉంటుందని అతనికి అక్కడ అర్థమైంది. ఇంట్లో బాధని ఏం చేసుకోవాలో తెలియని పిల్లాడికి అంతకంటే మంచి చోటు దొరుకుతుందా? ఈ ప్రశ్న అతను నేరుగా వేయడు. పుస్తకం బలం అందులోనే ఉందనుకుంటాను.

నేను మొదటిసారి స్టేడియంలో ఫుట్‌బాల్ చూసింది 2022 నవంబర్‌లో, గచ్చిబౌలిలో. హైదరాబాద్ ఎఫ్‌సీ మీద కేరళ బ్లాస్టర్స్. మన ఊళ్ళో మనకంటే వాళ్ళ పసుపు జెర్సీలే ఎక్కువ కొట్టొచ్చినట్టు కనపడ్డాయి, గొంతు కూడా వాళ్ళదే పెద్దది. క్రికెట్ అలవాటు కదా, ప్రతి రెండు నిమిషాలకీ రీప్లే కోసం నా తల పైకి తిరిగేది. కేరళ ఒక్క గోల్‌తో గెలిచింది. మా వరసలో ఓడినందుకు ఎవరూ పెద్దగా ఏడవలేదు. సెల్ఫీలు తీసుకుని, బిర్యానీ ఎక్కడ తినాలో మాట్లాడుకుంటూ బయటికొచ్చాం. హార్న్‌బీ చెప్పే జబ్బు మాకు అంటలేదని అప్పుడే తెలిసిపోయింది. రోవర్స్ కప్పుని 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కాలంలో ఈ ఊరికీ ఆ జబ్బు ఉండే ఉంటుంది.

‘ఫీవర్ పిచ్’లో ప్రతి అధ్యాయానికీ ఒక మ్యాచ్, ఒక తేదీ తలకట్టు. చదువు, ప్రేమలు, ఉద్యోగాలు, డిప్రెషన్, అన్నీ ఆ తేదీల కింద వచ్చి చేరతాయి. టైమ్‌స్టాంపులున్న లాగ్ ఫైల్ చదువుతున్నట్టుంటుంది: ఎర్రర్ ఎప్పుడొచ్చిందో రాసి ఉంటుంది, ఎందుకొచ్చిందో మనమే వెతుక్కోవాలి.

‘రఫ్ మ్యాజిక్’కి ఇలాంటి క్రమం లేదు. పేరు షేక్‌స్పియర్ ‘ది టెంపెస్ట్’ నుంచి తీసుకుంది. మంగోల్ డెర్బీ 2009లో మొదలైన పందెం, చెంగిజ్ ఖాన్ కాలపు తపాలా గుర్రాల వ్యవస్థ దానికి మూలం. దాదాపు 40 కిలోమీటర్లకొక మజిలీ, మజిలీకొక కొత్త గుర్రం. మొత్తం మీద 25 గుర్రాలు, సగం అడవి జాతి, ఏది ఎలాంటిదో ఎక్కేదాకా తెలియదు. గడువు పది రోజులు. లారా 2013లో వెళ్ళింది. బ్యాడ్మింటన్ హార్స్ ట్రయల్స్‌ని ఆరుసార్లు గెలిచిన లూసిండా గ్రీన్ ఈమె మేనత్త. అంత పేరున్న కుటుంబం నుంచి వచ్చిన పిల్ల, సరైన తయారీ లేకుండా దిగింది. మొదట్లో బాగా వెనకబడింది. గెలవాలన్న కోరిక కూడా తనలో ఎప్పుడు పుట్టిందో తనకే సరిగ్గా తెలియదన్నట్టు రాస్తుంది. ముందు దూసుకుపోతున్న టెక్సస్ అమ్మాయి డెవన్ హార్న్‌ని చూసి ఒళ్ళుమండటం మొదలవుతుంది. ఆ మంటే మెల్లగా ఆశయంగా మారుతుంది. దీన్ని ఆమె గొప్పగా చెప్పుకోదు, దాచుకోదు కూడా.

ఇక అసలు సంగతి. ప్రతి మజిలీలోనూ వెట్ ఉంటాడు. గుర్రం దిగగానే దాని గుండె చప్పుడు లెక్కపెడతారు. చెప్పిన సమయంలోపు చెప్పిన అంకె కిందికి దిగిందా సరే, లేదంటే రైడర్‌కి జరిమానాగా కొంత సమయం పోతుంది. దూరపు గుర్రప్పందేలన్నిటికీ ప్రాణం ఇలాంటి తనిఖీయే. కాలిఫోర్నియాలో 1955 నుంచి నడుస్తున్న టెవిస్ కప్ ఒక్కరోజులో 160 కిలోమీటర్ల పందెం. అందులో మొదట చేరిన పదిమంది గుర్రాల్లో ఏది మంచి స్థితిలో ఉందో చూసి దానికి విడిగా హ్యాగిన్ కప్ ఇస్తారు. 2013లో మంగోలియాలో గీత ముందు దాటింది డెవన్. కానీ ఆమె చివరి గుర్రం గుండె అనుకున్న సమయానికి నెమ్మదించలేదు. రెండు గంటల పెనాల్టీ పడింది. వెనకొచ్చిన లారా విజేత అయింది. ఆ పందెం గెలిచిన మొదటి మహిళ, అప్పటికి అందరికంటే చిన్నది. కింద ఉన్న ప్రాణిని ఎంత వాడుకున్నావన్నది ఫలితాన్ని మార్చేసిందన్నమాట.

హార్న్‌బీ పుస్తకంలో ఇలాంటి వెట్ లేడు. 1978లో కేంబ్రిడ్జ్ యునైటెడ్ మ్యాచ్ జరుగుతుంటే పక్కనే ఉన్న గర్ల్‌ఫ్రెండ్ స్పృహతప్పుతుంది. ఆమెని స్నేహితురాలు బయటికి తీసుకెళ్తుంది, ఇతను కదలకుండా మ్యాచ్ చూస్తూ ఉండిపోతాడు. ఇదంతా తనే చెప్తాడు, నవ్విస్తూ చెప్తాడు. మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వాను. ‘రఫ్ మ్యాజిక్’ తర్వాత మళ్ళీ ఆ పేజీ తిరగేస్తే నవ్వు రాలేదు. తన తప్పుని ముందే తనే ఒప్పేసుకుంటే ఇక ఎవరూ ఏమీ అనలేరనే తెలివి అది. మగవాళ్ళ ఆత్మకథల్లో, తెలుగులో కూడా, ఈ తెలివి నాకు చాలాచోట్ల కనపడుతుంది. ఆ అమ్మాయి లేచాక ఏం అనుకుందో అన్నదానికి అక్కడ చోటు లేదు.

ఆ తెలివి పనిచేయని ఒకే ఒక్క చోటు హిల్స్‌బరో. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లో లివర్‌పూల్ అభిమానులు తొక్కిసలాటలో చనిపోయారు. 97 మంది. ఆరోజు హార్న్‌బీ హైబరీలో ఆర్సెనల్–న్యూకాజిల్ ఆట చూస్తున్నాడు. వార్త అక్కడికి చేరింది, ఆట నడుస్తూనే ఉంది. చిన్నప్పటి నుంచి తనకు ఇల్లులా అనిపించిన ఆ కిక్కిరిసిన టెర్రస్‌లే మనుషుల్ని చంపేవి అని ఇక్కడ అతను గుర్తిస్తాడు, జోకులు ఆగిపోతాయి. సరిగ్గా 41 రోజుల తర్వాత యాన్‌ఫీల్డ్‌లో మైకేల్ థామస్ ఆఖరి నిమిషపు గోల్‌తో ఆర్సెనల్ ఛాంపియన్ అయింది. ఇరవై ఏళ్ళు స్టేడియంలో తడిసిన మనిషి ఆ గోల్ చూసింది టీవీలో. ఆనందం గురించి అతను రాసిన పేజీలన్నిట్లోకీ అవే గొప్పవి. ఓడిపోయిన జట్టు లివర్‌పూల్ అన్న సంగతి మాత్రం ఆ కేరింతల్లో మనకే గుర్తుండాలి.

‘రఫ్ మ్యాజిక్’ని నెత్తిన పెట్టుకుంటున్నానని కాదు. మధ్యలో వాక్యాలు మరీ మెరుగులు దిద్దినట్టుంటాయి, ఒక పోలిక బాగుందనుకునేలోపు ఇంకో మూడు వచ్చి పడతాయి. గుర్రాలిచ్చి, రాత్రి చోటిచ్చి, పాలు పోసిన కుటుంబాలు ఒక్కో పూట కనపడి మాయమైపోతాయి. గుర్రం గుండెకి కొలమానం ఉంది, ఆ ఇంటివాళ్ళ శ్రమకి లేదు. డబ్బుకట్టి సాహసం కొనుక్కున్న విదేశీయురాలినన్న ఇబ్బంది లారాకి ఉంది. కానీ ఆమెకి అక్కడ ఆగే టైమ్ లేదు, గుర్రం మారిపోతుంది.

మనకి ఇందులో ఏముంది అంటారా? తెలుగువాళ్ళ హైబరీ సినిమా హాలు. తెల్లవారుజాము షో, కాగితాలు, ఫ్లాప్ టాక్ విని రెండ్రోజులు అన్నం మానేసిన ఇంటర్ కుర్రాడు. ఆ అభిమాని లోపలి నుంచి, తేదీలవారీగా, తనని తాను వెనకేసుకురాకుండా రాసిన పుస్తకం నాకింకా దొరకలేదు. రాసేవాళ్ళెవరైనా ఉంటే ఈ రెండిట్లో ‘రఫ్ మ్యాజిక్’ ముందు చదవమంటాను. అది చదివాక ‘ఫీవర్ పిచ్’ తీస్తే, కేంబ్రిడ్జ్ స్టేడియంలో కిందపడిన అమ్మాయి దగ్గర ఒక నిమిషం ఆగుతారు.